చేతి తాళము, మనసు కాలము: ఒక ఇటలీ విలాపగీతమూ మన జనగామ శోకాలూ

1638వ సంవత్సరంలో వెనిస్ నగరంలో అచ్చయిన ఒక సంగీత గ్రంథంలో, ఒక పాటకు ముందు, స్వరకర్త గాయకులకు ఇచ్చిన చిన్న సూచన ఒకటి ఉన్నది. ఆ పాటను పాడేవారు నలుగురు: ముగ్గురు పురుషులు, ఒక స్త్రీ. మొదటా చివరా పురుషులు ముగ్గురే పాడే భాగాలున్నవి. వాటిని చేతి తాళానికి కట్టుబడి పాడవలెను. నడుమ స్త్రీ విలపించే భాగం మాత్రం చేతి తాళానికి లోబడక, ఆమె మనసులోని ఆవేదన ఏ కాలంలో నడిస్తే ఆ కాలంలో సాగవలెను. అక్కడ పురుషులు మెల్లని గొంతుతో జాలి పడుతూ ఆమె వెంట నడవవలెనే తప్ప ఆమెను తమ వెంట లాగరాదు. ఆ సూచన తాత్పర్యం ఇది.

తెలుగు పండితునికి ఇటలీ పాటతో ఏమి పని అని సహృదయులు అడుగవచ్చు. ఛందస్సు బోధించి బ్రతికినవానికి ఈ సూచన కంటబడితే ఊరకుండడం కష్టం. గణాలూ యతిప్రాసలూ దుఃఖాన్ని మోస్తాయా, నొక్కివేస్తాయా అన్న ప్రశ్న మన కావ్యచరిత్ర తొలి పుటలోనే ఉన్నది. క్రౌంచపక్షి కూలినప్పుడు తన నోట వెలువడిన మాటను చూసి వాల్మీకి మొదట ఆశ్చర్యపడినది దాని అర్థానికి కాదు. అది పాదబద్ధమై, సమాక్షరమై, వీణకూ లయకూ ఒదిగేదిగా వచ్చినందుకు. శోకం తాళంలో పుట్టిందే అన్నది ఆయన విస్మయం. వెనిస్ స్వరకర్తది దానికి ఎదురు మార్గం: తాళాన్ని పక్కన ఉంచి శోకాన్ని దాని దారిన నడవనీయడం.

ఆయన పేరు క్లాడియో మాంతెవెర్దీ. 1567లో క్రెమోనాలో పుట్టి, మాంటువా ప్రభువుల కొలువులో చాలాకాలం పనిచేసి, 1613 నుండి వెనిస్‌లోని సెయింట్ మార్క్ ఆలయ సంగీతాధిపతిగా ఉండి, 1643లో గతించాడు. ఆయన చేపట్టిన ప్రక్రియ మాడ్రిగల్. ఇటాలియన్ భాషలోని చిన్న కవితను కొద్దిమంది గాయకులు, సాధారణంగా ఐదుగురు, వేరువేరు స్వరమార్గాలలో నడుస్తూ ఒక్క గేయంగా పాడేది అది. గుడి పాట కాదు, లౌకిక గీతం. మాంతెవెర్దీ ఎనిమిది మాడ్రిగల్ సంపుటాలు తన జీవితకాలంలో వెలువరించాడు. పైన చెప్పిన గ్రంథం వాటిలో ఎనిమిదవది. యుద్ధ ప్రణయ గీతాల సంపుటి.

ఆయన మీద పండితులకు కోపం వచ్చింది. అర్తూసీ అనే శాస్త్రకారుడు 1600లో ఒక గ్రంథం వ్రాసి, ఈ పాటలలో స్వరాల పొందికకు నియమం లేదనీ, చెవికి కటువైన మేళనాలను సిద్ధం చేయకుండానే తెచ్చి పడవేస్తున్నాడనీ నిందించాడు. 1605లో తన ఐదవ సంపుటి ముందుమాటలో మాంతెవెర్దీ క్లుప్తంగా బదులిచ్చాడు. తనది మరొక పద్ధతి అన్నాడు. రెండేళ్లకు ఆయన తమ్ముడు దానిని వివరించాడు: ఈ పద్ధతిలో మాట యజమానురాలు, స్వరమేళనం ఆమె పరిచారిక. అర్థం కోరితే నియమం వంగవలసిందే. మన లాక్షణికులు శబ్దప్రాధాన్యం, అర్థప్రాధాన్యం అంటూ శతాబ్దాల తరబడి చేసిన వాదానికి ఇది దూరపు చుట్టం. అర్తూసీ మూర్ఖుడేమీ కాదు; నియమం తెలిసినవానికే భంగం వినబడుతుంది. కానీ ఆయన విన్నది భంగాన్ని మాత్రమే.

ఆ మరుసటి కథ దుఃఖంతో నిండినది. 1607 సెప్టెంబరులో మాంతెవెర్దీ భార్య క్లాడియా మరణించింది. ఆ శోకం ఆరకముందే, ప్రభువు ఇంటి పెళ్లికి గేయనాటకం ఒకటి సిద్ధం చేయమని ఆజ్ఞ వచ్చింది. ప్రియుడైన థీసియస్ నిద్రలో విడిచిపోగా ద్వీపంలో ఒంటరిగా మేల్కొన్న అరియాద్నె కథ అది. ఆ పాత్రకు తన ఇంట ఉండి సంగీతం నేర్చిన కాతెరీనా మార్టినెల్లి అనే బాలికను అనుకున్నాడు. పద్దెనిమిదేళ్లయినా నిండీ నిండని ఆ పిల్ల 1608 మార్చిలో మశూచి సోకి చనిపోయింది. మే నెలలో నాటకం ఆడినప్పుడు వర్జీనియా అంద్రెయీని అనే నటి ఆ పాత్ర ధరించింది. అరియాద్నె విలాపం విని కన్నీరు పెట్టని స్త్రీ సభలో లేదని ఆస్థాన వృత్తాంతకర్త వ్రాసిపెట్టాడు.

నాటకసంగీతమంతా కాలగర్భంలో కలిసిపోయింది. ఆ ఒక్క విలాపం మాత్రం మిగిలింది. 1614 నాటి ఆరవ సంపుటిలో మాంతెవెర్దీ దానిని ఐదు గొంతుల మాడ్రిగల్‌గా మార్చి అచ్చువేశాడు. కాతెరీనా స్మృతికై కూర్చిన సమాధిగీతం కూడా ఆ సంపుటిలోనే ఉన్నది. వృద్ధాప్యంలో, 1641లో, అదే వరుసకు లాటిన్ మాటలు పొదిగి, సిలువ చెంత కుమారుని కోసం ఏడ్చే మరియమాత విలాపంగా ప్రచురించాడు. విడిచిన ప్రియుని కోసం ఏడ్చిన గొంతే బిడ్డను కోల్పోయిన తల్లి గొంతు అయింది. మన శాస్త్రంలో మొదటిది విప్రలంభం, రెండవది కరుణం. పునస్సమాగమంపై ఆశ ఉంటే ఒకటి, లేకుంటే మరొకటి. విభజన చక్కనిదే. కానీ స్వరానికి ఆ గీత తెలియదని ఈ ఒక్క పాట చరిత్రే చెబుతున్నది.

ఇక 1638 నాటి పాట. దానిని వనకన్య విలాపం అనవచ్చు. మాటలు ఒత్తావియో రినుచ్చీనివి. అరియాద్నె నాటకకర్త ఆయనే. అచ్చయ్యేనాటికి ఆయన పోయి పదిహేడేళ్లు. తెల్లవారకముందే ఒక పడుచు ఇల్లు వెడలి, పూలను తొక్కుకుంటూ, పాలిపోయిన మొగంతో తిరుగుతున్నదని పురుషులు మొదట చెబుతారు. తరువాత ఆమె గొంతు ఎత్తుతుంది. అడుగున వాద్యం మీద నాలుగే నాలుగు స్వరాలు మెట్లు దిగినట్లు దిగుతాయి. మళ్లీ పైనుండి దిగుతాయి. పాట ముగిసేదాకా 30 సార్లకు పైగా ఆ నాలుగే, మార్పు లేకుండా. ఆమె పల్లవి మాత్రం ఆ నాలుగింటి హద్దులకు లోబడదు. అవి ముగిసిన చోట ఆమె ముగించదు, అవి మొదలైన చోట ఆమె మొదలు పెట్టదు. నడుమ నడుమ పురుషులు పాపం, పాపం అన్నట్లు గొణుగుతారు. ఆమెకు అది వినబడినట్లే ఉండదు.

ఆ నాలుగు స్వరాలేమిటో మన లెక్కలో చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. పై షడ్జమాన్ని ఆధారంగా తీసుకుంటే అవి స, ని, ద, ప. నిషాదం కైశికి, ధైవతం శుద్ధం. మన ముఖారి అవరోహణలో పై నుండి దిగే మొదటి నాలుగు మెట్లూ అవే. శోకానికి ముఖారి అని మన హార్మోనిస్టులు కళ్లు మూసుకుని చెప్పే రాగమది. (సంగీత విద్వాంసులు దీనికి ఒప్పుకోరు, త్యాగరాజు శోకంతో పనిలేని కీర్తనలు కూడా ముఖారిలో చేసినమాట నిజం.) ఇందులో ఎవరిది ఎవరు పుచ్చుకున్నారన్న చర్చకు తావు లేదు. ఏడ్చే మనిషి గొంతు పైనుండి కిందికి జారుతుంది. అది ఇటలీలోనైనా లింగాలఘనపురంలోనైనా ఒక్కటే.

అదే కాలంలో తెలుగు నాట ఏమి జరుగుతున్నది? మన జనగామ ప్రాంతం గోలకొండ అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడిలో ఉన్నది. దక్షిణాన తంజావూరులో విజయరాఘవ నాయకుడు యక్షగానాలు వ్రాస్తూ, వ్రాయిస్తూ ఉన్నాడు. ఆయన కాలపువాడే క్షేత్రయ్య. మువ్వగోపాలుని కోసం వేచిన, అలిగిన, విడువబడిన స్త్రీల గొంతుతో పదాలు కట్టాడు. వనకన్యకు సమకాలికంగా ఒక తోబుట్టువును చూపమంటే విమర్శకుడు క్షేత్రయ్య నాయికనే చూపుతాడు. దానిని గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నా చూపు ఇంటి దగ్గరే ఉన్నది.

2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లాను విడదీసినప్పుడు ఏర్పడినవి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు. వీటిలో జనగామ జిల్లా పాలకుర్తి మండలానికి దక్కిన అదృష్టం మరే మండలానికీ దక్కలేదని నా అభిప్రాయం. పాల్కురికి సోమనాథుని ఊరు పాలకుర్తి. కూతవేటు దూరాన బమ్మెర, పోతన ఊరు.

కాకతీయుల కాలపు సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల యాత్రికులు పాడుకునే పాటల రకాలను పేర్కొన్నాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు వగైరా. జానపద గేయ చరిత్ర వ్రాసినవారెవరూ ఈ పట్టికను వదలరు. పట్టికలో శోకాల పేరు మాత్రం లేదు. శివరాత్రి యాత్రలో ఏడుపు పాటకు చోటుండదు గనుక లేదు. అంతమాత్రాన ఆనాటి స్త్రీలు రాగం తీసి ఏడ్వలేదని కాదు. ఆ రాగం సోమనాథుని చెవిన పడిందనడానికి బసవపురాణంలోని బెజ్జమహాదేవి కథ చాలు. అందరికీ తల్లి ఉండగా శివునికి తల్లి లేకపోయెనే అని దుఃఖించి, తానే తల్లియై శివుని సాకిన ఇల్లాలు ఆమె. బిడ్డ పాలు ముట్టకపోతే పల్లెతల్లి పడే గాబరా అంతా ఆ ద్విపదలలో ఉన్నది. ద్విపద పాదం డోలు దెబ్బవలె ఒకే తీరున పడుతుంటుంది. దానిమీద ఆమె మాట తొక్కిసలాడుతూ పరుగెడుతుంది. వనకన్య కింద దిగే నాలుగు స్వరాలు విన్నప్పుడల్లా నాకు ఈ ద్విపద నడకే తలపునకు వస్తుంది.

తుమ్మెద పదాల మాట వచ్చింది గనుక పోతనను తలవకుండా పోలేము. భాగవత దశమస్కంధంలో ఉద్ధవుడు కృష్ణుని సందేశం తెచ్చినప్పుడు ఒక గోపిక అతనితో మాటాడదు. పాదాల చెంత వాలిన తుమ్మెదతో మాటాడుతుంది. మథుర స్త్రీల పూలదండల కుంకుమ దాని మీసాలకు అంటినదని దెప్పుతుంది, నా కాళ్లు ముట్టవద్దంటుంది, మరుక్షణమే మా వాడు క్షేమమా అని అడుగుతుంది. కోపం, వేడికోలు, మళ్లీ కోపం. మూలం వ్యాసునిదే, కాదనను. కానీ తుమ్మెదా అని పిలుస్తూ పాడుకునే పాటలు అంతకుముందే సోమనాథుని నోట నమోదైన సీమలో పుట్టిన కవికి, ఆ ఘట్టం చేతికి వచ్చినప్పుడు అది పరాయి వస్తువుగా తోచి ఉండదు. అక్కడ ఉద్ధవుని పని కూడా గమనింపదగ్గది. అతడు నిలబడి వింటాడు. ఆమె ముగించేదాకా వేదాంతం విప్పడు.

తాళానికి వస్తాను. మన పద్యనాటకం చూచినవారికి వెనిస్ స్వరకర్త సూచన కొత్తగా తోచదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో, జాషువా గారి శ్మశానవాటి పద్యాలు చేర్చి ఆడే కాటిసీను ఉన్నది గదా. అక్కడ నటుడు పద్యాన్ని తాళం లేకుండా పాడుతాడు. హార్మోనియం వాయించేవాడు నటుని పెదవుల వైపే చూస్తూ అతని వెనుకనే నడుస్తాడు. ఇంతకంటె మనసు కాలం ఏముంటుంది? అయితే అదే చోట వన్స్ మోర్ అని ప్రేక్షకులు కేక వేయగానే చచ్చిన కొడుకును పక్కన పెట్టి రాగాన్ని మళ్లీ మొదటినుండి అందుకునే నటులనూ చూచినాము. అప్పుడు అది మనసు కాలమూ కాదు, చేతి తాళమూ కాదు; చప్పట్ల కాలం.

చిందు యక్షగానంలో రెండూ ఉన్నవి. దరువు తాళానిది, పద్యం గొంతుది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా ప్రాంతం పొంగిపోయింది.

ఒగ్గుకథలో ఈ అమరిక ఇంకా స్పష్టం. ఒగ్గు అంటే శివుని డమరుకం వంటి చిన్న వాద్యం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు కురుమ పూజారులు చెబుతారు. ప్రధాన కథకుడు ఒకడు; డోలు, తాళాలతో వంతలు పాడేవారు వెనుక. మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు ఈ కళను జాతీయ వేదికల దాకా తీసుకుపోయి, 2004లో సంగీత నాటక అకాడెమీ పురస్కారం అందుకుని, 2017 నవంబరులో పరమపదించారు. ఒగ్గుకథలో ఆడపాత్ర దుఃఖం వచ్చినప్పుడు కథకుడు గుడ్డ ఒకటి తలమీదికి లాగుకుంటాడు. అంతే, ఆడమనిషి అయిపోయినాడు. డోలు తగ్గుతుంది. గొంతు సాగుతుంది. వంతవారు అయ్యో అని ఒక మాట అందిస్తారు, లేక ఏమైందమ్మా అని అడుగుతారు. ఆ శోకం తీరేదాకా డోలు ఓపిక పట్టి, తీరగానే ఒక్కసారిగా లేస్తుంది. మగవారి పాట, ఆమె విలాపం, మళ్లీ మగవారి పాట: 1638 నాటి పుస్తకంలోని అమరిక ఇదే. మాంతెవెర్దీ కాగితం మీద సూచన వ్రాయవలసి వచ్చింది. ఒగ్గువారికి గురువును చూస్తే చాలు.

కళ కాని శోకం సంగతి వేరు. మా ఊళ్లలో ఇంట మనిషి పోతే వాకిట్లో డప్పు మోగుతుంది. మగవారు బయట, పాడె కడుతూ. డప్పుది చేతి కాలం. అది మారదు, ఎవరి కోసం ఆగదు. లోపల స్త్రీలు ఒకరి మెడ ఒకరు పట్టుకుని శోకం పెడుతారు. పోయినవాడు ఏ ఏడు ఏ బావి తవ్వినాడు, ఏ బిడ్డ పెళ్లికి ఎవరి దగ్గర అప్పు చేసినాడు, ఆఖరున ఏ కూర అడిగినాడు, అన్నీ అందులో వస్తాయి. ప్రతి పాదం చివరా సంబోధన వస్తుంది. కొడుకా, నా అయ్యా, ఓ పెనిమిటీ అని. అదే అంత్యప్రాస. ఒక పాదం పొడుగు, ఒకటి పొట్టి. ఊపిరి ఎంతదాకా ఉంటే పాదం అంతదాకా. తోటి స్త్రీలు ఆమె ఊపిరిని కనిపెట్టి గొంతు కలుపుతారు. అందరిలో నేర్పరి అయిన ముసలామె ఒకరు ఊరికి ఉంటారు. ఆమె వస్తే గాని శోకం అందుకోదని అనుకోవడం నేను విన్నాను. చదువుకున్న ఇండ్లలో దీనిని ఇప్పుడు నామోషీగా చూస్తున్నారు. గట్టిగా ఏడ్వవద్దని కొడుకులు తల్లుల నోరు మూయించడం నేను ఒకటికి రెండుసార్లు చూసినాను. ఆ కొడుకులకు నేను పాఠం చెప్పినవాడినే. గోపిక తుమ్మెదతో మాటాడే ఘట్టానికి వారు సందర్భసహిత వ్యాఖ్య వ్రాసి మార్కులు తెచ్చుకున్నారు.

మరియమాత విలాపం ప్రస్తావన పైన వచ్చింది. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో దానికి మరొక ముడి ఉన్నది. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య 1912లో అభిషిక్తుడై, 1945లో మరణించేదాకా డోర్నకల్ పీఠంలోనే ఉన్నాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కథీడ్రల్‌ను చూస్తే మన గుడి స్తంభాలూ మసీదు గోపురాలూ రెండూ గుర్తుకు వస్తాయి. ఆరాధనలో దేశీయ గానానికి చోటుండాలని ఆయన పట్టుపట్టాడు. పురుషోత్తమ చౌధరి వంటి 19వ శతాబ్ది కవుల నుండి వచ్చిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ప్రతి కీర్తన తలమీద రాగమూ తాళమూ ముద్రించి ఉంటాయి. గుడ్ ఫ్రైడే నాడు సిలువ కీర్తనలు ఆ రాగతాళాలతోనే సాగుతాయి. యూరపులో పుట్టిన దుఃఖకథ ఇక్కడికి వచ్చి మన తాళం కట్టుకున్నది. పల్లెల చర్చిలలో మాత్రం ముసలి స్త్రీలు కీర్తన చివరి మాటను తాళం దాటించి సాగదీస్తారు. చేతి తాళం అక్కడా వారిని ఆపలేకపోతున్నది.

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అస్థికలు కలపడానికి మూడు జిల్లాల నుండీ అక్కడికి పోతారు. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ముక్తీశ్వరుడు, కాళేశ్వరుడు. కాళేశ్వరుడు యముడు. యమునికీ, గడిచే పొద్దుకూ, పాట నడకకూ మన భాషలో కాలమన్నది ఒక్కటే మాట అని తరగతిలో నానార్థాలు చెప్పేటప్పుడు అనేవాడిని. ఆ రేవులో శోకం పెట్టేవారు తక్కువ. పదకొండు రోజుల్లో గొంతులు పోయి ఉంటాయి.

అరియాద్నె విలాపం మిగిలినది అచ్చువేసినందువల్ల. మన శోకాలు అచ్చుకు ఎక్కవు. పాడిన ముసలామెతోనే పోతాయి. పదవీవిరమణ తరువాత నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని కొందరిని అడిగి చూసినాను. పెళ్లిపాటలు, బతుకమ్మ పాటలు ఎన్ని అడిగితే అన్ని చెప్పినారు. శోకం ఒక్కటి పాడి వినిపించమంటే ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసి, “ఉత్తగనే ఏడ్వుమంటే ఎట్ల ఏడుస్తరు సారూ, మనిషి ముందల ఉండాలె గద” అన్నది. రికార్డు చేసే యంత్రం పట్టుకుని చావింటికి పోవడానికి నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు. విని వచ్చిన తరువాత గుర్తున్నంత మేరకు వ్రాసుకున్న పాదాలు నా పుస్తకంలో నలభై దాకా ఉన్నవి. రాగం వ్రాయలేదు. సంబోధనలను మాత్రం ఒక్కటీ విడువకుండా వ్రాసినాను.